అద్దెకిచ్చింది ఇల్లేనండీ!

నలుగురు ఇంటిగలావిడలు ఒకచోట చేరితే వేరే కబుర్లక్కర్లేదు. మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి వెళ్లాను. తాంబూలం చేతిలో పడకముందే మొదలైంది. "మా పై వాటావాళ్లు కుళాయి తిప్పితే కట్టరు" అని ఒకావిడ. "మావాళ్లకి వచ్చే చుట్టాల్ని చూస్తే సత్రం గుర్తొస్తుంది" అని ఇంకొకావిడ. "గోడకి మేకు కొడితే నా గుండెల్లో కొట్టినట్టే ఉంటుంది" అని మూడో ఆవిడ. చివరికి అందరూ కలిసి తేల్చిందేమిటంటే, ఈ కాలంలో అద్దెకొచ్చేవాళ్లకి బొత్తిగా భయభక్తులు లేవని!

నాకు ఒళ్లు మండింది. భక్తి దేవుడి మీద ఉండాలి గానీ, నెలనెలా డబ్బు లెక్కపెట్టి పుచ్చుకునే మన మీద ఎందుకండీ?

ఈ మాట అనే హక్కు నాకుంది. మావారి బదిలీల పుణ్యమా అని 19 ఏళ్లలో ఏడు అద్దె ఇళ్లు మారినదాన్ని. ఇప్పుడు విజయవాడలో మాకూ ఒక డాబా ఉంది. కింద మేముంటాం, పై వాటా అద్దెకిస్తాం. అద్దెకున్నన్నాళ్లూ ఇంటిగలావిడల్ని తిట్టుకున్నదాన్నే, గృహప్రవేశం నాడు పాలు పొంగించేసరికి ఆ తిట్లన్నీ మరిచిపోయి నేనూ వాళ్లలో ఒకదాన్నయిపోయాను. అందుకే ఇందులో నన్నూ కలుపుకునే మాట్లాడుతున్నాను. మన తగువులన్నిటికీ మూలం ఒక్కటే. కాగితం మీద రాయాల్సింది రాయం. నోటితో అనకూడనిది అంటాం.

ముందు కాగితం సంగతి చూద్దాం. రసీదు ఇమ్మంటే మనకి చెమటలు పడతాయి. "రసీదులిచ్చుకుంటూ పోతే 12 ఏళ్లకి ఇల్లు వాళ్లదైపోతుందట" అని మా తోటికోడలు ఇప్పటికీ వాదిస్తుంది. అది సగం విన్న మాట. ఆ 12 ఏళ్ల లెక్క 1963 నాటి కాలపరిమితి చట్టంలోది. అసలు యజమాని హక్కునే కాదని, ఎదురుతిరిగి, బాహాటంగా ఆస్తి అనుభవించేవాళ్ల గొడవ అది. మన అనుమతితో చేరి, అద్దె కడుతూ ఉన్నవాళ్లకి అది వర్తించదు. సరే, వాళ్లు అద్దెకే ఉన్నారనడానికి సాక్ష్యం ఏమిటి? మనం ఇవ్వనని దాచుకున్న ఆ రసీదే! మనల్ని కాపాడే కాగితాన్ని చూసి మనమే భయపడుతున్నామన్నమాట.

ఒప్పందం సంగతీ అంతే. "మనలో మనకి రాతకోతలేమిటి" అనడం మొదట్లో తియ్యగానే ఉంటుంది, ఖాళీ చేసేనాడు చేదవుతుంది. అద్దె ఎంత, ఏ తారీఖుకి, ఏడాదికి ఎంత పెంపు, అడ్వాన్సు ఎంత, అందులోంచి దేనికి కోస్తారు, మీటరు ఏ అంకె దగ్గరుంది, నీళ్ల బిల్లు ఎవరిది, అన్నీ రాసుకోండి. తాళం చెవి ఇచ్చేరోజే వాళ్ల ఎదురుగా గోడలూ, కుళాయిలూ, ఫ్యాన్లూ ఫోన్లో ఫొటోలు తీసి వాళ్లకీ పంపించండి. గడువు సంగతి ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకి 15 రోజుల నోటీసు చాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంటుంది. 15 రోజుల్లో మనకి ఇల్లు దొరికేదా? రెండు నెలలని రాసుకుంటే ఇద్దరికీ మర్యాద. రిజిస్ట్రేషన్ సంగతి లాయరునడగండి, పక్కింటావిణ్ణి కాదు.

"నువ్వెన్నయినా చెప్పు, అద్దె ఎగ్గొట్టేవాళ్లు లేరూ?" అంటారు. ఎందుకు లేరు, మాకూ తగిలారు. నాలుగు నెలల అద్దె, కరెంటు బిల్లు, రెండూ బాకీ. కోపం పట్టలేక పైకి నీళ్లు కట్టేద్దామన్నాను. మావారు ఆపారు. అద్దెకున్నవాళ్లకి నీళ్లూ కరెంటూ ఆపకూడదని మన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే అంది. న్యాయం మనవైపున్నా, ఆ మీట నొక్కిన క్షణాన తప్పు మనవైపుకొచ్చేస్తుంది. లాయరు చేత నోటీసిప్పించాం. వెళ్లిపోయారు గానీ బాకీలో సగం పోయింది. తరవాత తీరిగ్గా ఆలోచిస్తే నవ్వొచ్చింది. వాళ్లు ఇల్లు చూడటానికొచ్చిన రోజున "మీరెవరు?" అని కులం ఆరా తీశాను, "గుడ్లు కూడా తినరుగా?" అని ఒట్టు వేయించుకున్నంత పని చేశాను. పాత ఇంటివాళ్లకి ఒక్క ఫోను చేసి "అద్దె సరిగ్గా కట్టారా అండీ" అని మాత్రం అడగలేదు! పప్పుచారు తినేవాళ్లు బాకీ పెట్టరని ఏ శాస్త్రంలో ఉంది?

ఇంకో ముచ్చట. అద్దె ఆదాయం మీద పన్ను లెక్క కట్టేటప్పుడు, ఇంటిపన్ను పోగా మిగిలినదాంట్లో నూటికి 30 వంతులు మినహాయింపు ఉంటుంది. మరమ్మతులకి పైసా ఖర్చు పెట్టకపోయినా సరే ఇస్తారు. ఆ 30 పుచ్చుకుంటూనే, కారే కుళాయి బాగుచేయించమంటే "మీరు వచ్చాకే పాడైంది" అంటాం. ఇది న్యాయమేనా, మీరే చెప్పండి.

ఇక అనకూడనివి అనడం. మేం అద్దెకున్న ఒక ఊళ్లో, మా అమ్మ నన్ను చూడటానికొచ్చి నాలుగు రోజులుంది. "మీ అమ్మగారు ఎప్పుడెళ్తారు? నీళ్లు చాలడం లేదు" అని ఇంటిగలావిడ అమ్మ వింటుండగానే అడిగింది. అమ్మ ఆ సాయంత్రమే సంచీ సర్దుకుంది. ఎంత బతిమాలినా ఉండలేదు. ఆవిణ్ణి నేనిప్పటికీ క్షమించలేదు.

మరి నేనేం చేశానో వినండి.

మా పై వాటాలో రెండేళ్లు ఒక చిన్న కుటుంబం ఉండేది. ఒకటో తారీఖు దాటకుండా అద్దె, గొంతు పెద్దగా వినపడని మనుషులు. ఒకరోజు రాత్రి పదింటికి ఆ అమ్మాయి ఆసుపత్రి నుంచి ఫోను చేసింది. "పిన్నిగారూ, మావయ్యగారు పోయారండీ. ఒక్క గంట... ఇంటికి తీసుకురావచ్చా అండీ?"

నేను వెంటనే పలకలేదు. ఆ రోజు నక్షత్రం ఏమిటా, ధనిష్ఠాపంచకమైతే ఇల్లు ఎన్నాళ్లు మూసిపెట్టాలా, రేపు మళ్లీ ఎవరైనా అద్దెకొస్తారా, ఇవీ నాకొచ్చిన ఆలోచనలు. "మీ బాబాయిగార్ని అడిగి చెబుతానమ్మా" అన్నాను. ఆయన అప్పుడే మందేసుకుని పడుకున్నారు. లేపి అడిగితే "అడగడమేమిటి, తీసుకురమ్మను" అన్నారు. నేను తిరిగి ఫోను చేసేసరికి పావుగంటయింది. అప్పటికే వాళ్లు ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి ఏర్పాటు చేసేసుకున్నారు. పెద్దాయన రెండేళ్లు కూర్చున్న వరండాలోకి ఒక్క గంట కూడా రాకుండానే వెళ్లిపోయాడు.

పన్నెండో రోజు దాటాక ఆ అమ్మాయి అద్దె ఇవ్వడానికి కిందికొచ్చింది. "ఆ రాత్రి అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టానా పిన్నిగారూ?" అంది. దెబ్బలాడినా బాగుండేది. మూడు నెలలకి ఖాళీ చేశారు. గోడల మీద ఒక్క మేకు గుర్తు లేదు.

2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం ఆమోదించింది. రాష్ట్రాలు తమ చట్టాలుగా చేసుకుంటేనే అది అమలయ్యేది. నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదని, అద్దెకిచ్చిన ఇంట్లోకి యజమాని వెళ్లాలంటే 24 గంటల ముందు తెలియజేయాలని, పొద్దుగూకాక వెళ్లకూడదని అందులో ఉంది. మన ఇంట్లోకి మనం చెప్పి వెళ్లడమేమిటని పేరంటంలో అందరూ నవ్వారు. అద్దె పుచ్చుకున్నన్నాళ్లూ అది వాళ్లిల్లండీ. గోడలు మనవి, గడప వాళ్లది.

ఈమధ్య కొత్తవాళ్లకి ఒప్పందం రాయించేటప్పుడు ఒక షరతు కలిపించాను. "ఈ ఇంట్లో మంచి జరిగినా, చెడు జరిగినా ఇంటివాళ్ల అనుమతి అడగక్కర్లేదు" అని. దస్తావేజు రాసే ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఇలాంటి షరతు ఎవరూ రాయించరమ్మా" అన్నాడు.

"రాయండి" అన్నాను. మీరూ రాయించండి. ఒక్క వాక్యమేగా, కాగితంలో చోటుంటుంది.