నవ్వడానికి 550 కిలోమీటర్లు

ముందు లెక్క చెప్పేస్తా. టికెట్ 499. ముగ్గురం కాబట్టి 1,500. విజయవాడ నుంచి హైదరాబాద్ దాదాపు 275 కిలోమీటర్లు, రానూ పోనూ 550. లీటరుకి 18 ఇచ్చే పెదనాన్న పాత కారుకి ముప్ఫై లీటర్ల పెట్రోలు. దారిలో నాలుగు టోల్‌గేట్లు. టిఫిన్లు, టీలు, సిటీలో ఆటోలు. అంతా కలిపి ఏడు వేలకి కాస్త అటూ ఇటూ.

ఇదంతా ఒక మనిషి మైకు పట్టుకుని గంటన్నర మాట్లాడితే వినడానికి. "అవే జోకులు ఫోన్లో ఫ్రీగా వస్తాయి కదరా, అంత దూరం దేనికి?" అని అమ్మ అడిగింది. పాయింటే. ఈ వారం కాలమ్ అమ్మకి జవాబు అనుకోండి.

అవే జోకులు ఫోన్లో రావమ్మా. మీరూ ఒకసారి గమనించండి. రీల్స్‌లో కనిపించే స్టాండప్ క్లిప్పుల్లో చాలావరకు ముందు వరసలో కూర్చున్నవాణ్ని పట్టుకుని "ఏ ఊరన్నా, ఏం చేస్తావ్, పక్కన ఎవరు?" అని ఆడుకునేవే. దాన్ని క్రౌడ్‌వర్క్ అంటారు. ఆ రాత్రి ఆ హాల్లో పుట్టి అక్కడే అయిపోయే సరుకు అది. బయటికి వదిలినా కమెడియన్‌కి నష్టం లేదు. రాసుకుని, చెరిపి, మళ్లీ రాసుకున్న అసలు జోకులు మాత్రం దాచుకుంటారు. పాట వందోసారి విన్నా బాగుంటుంది. జోకు రెండోసారికే సగం చచ్చిపోతుంది. రీల్‌లో పెట్టేస్తే రేపు టికెట్ కొన్నవాడికి పాచిపోయిన అన్నం పెట్టినట్టే.

ఆ అసలు సరుకు తయారయ్యేది ఓపెన్ మైకుల్లో. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు. టైమ్ అయిపోతోందంటే వెనక నుంచి ఎవరో ఫోన్ టార్చి వెలిగిస్తారు, దిగిపోవాలి. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ లాంటి చోట్ల ఇలా మైకు పట్టుకుని, పదిమందిలో ఇద్దరు నవ్వితే ఆ ఇద్దరు ఎక్కడ నవ్వారో రాసుకుని ఇంటికెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. అలా నిమిషం నిమిషం పోగేసి గంట షో చెయ్యాలంటే ఏడాది పైనే పడుతుంది. మనం 499 ఇచ్చేది ఆ ఏడాదికి.

సరే, ఎవరెవరం వెళ్లామో చెప్పాలి. నేను, మా చెల్లి, బావ.

బావంటే మేనత్త కొడుకు. నాకంటే మూడేళ్లు పెద్ద. గ్రూప్స్‌కి చదువుతున్నాడు, ఇది నాలుగో ఏడు. ఇంట్లో ఇలా ప్రిపేరయ్యే మనిషి ఉన్నవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. పెళ్లిళ్లకి రాడు. వచ్చినా అక్షింతలు వేసి మాయమైపోతాడు. ఎందుకంటే పంక్తిలో పక్కన కూర్చున్న ప్రతి పెద్దమనిషీ పప్పులో నెయ్యి కలుపుకుంటూ అడిగేది ఒక్కటే. "ఏం చేస్తున్నావు బాబూ ఇప్పుడు?" చదువుతున్నానండీ అంటే, "ఇంకానా?" అంటారు. ఆ 'ఇంకానా'లోని సాగదీత నిద్రలో కూడా వినిపిస్తుందని బావ ఒకసారి నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, నవ్వినట్టు లేదు.

టికెట్లు బుక్ చేసింది చెల్లి. బావని అడగలేదు, చెప్పింది. "శనివారం పొద్దున్న ఎనిమిదింటికి రెడీగా ఉండు బావా. డబ్బులు వెనక్కి రావు." డబ్బులు వెనక్కి రావంటే కదలని మధ్యతరగతి మనిషి ఈ భూమ్మీద లేడు.

65వ నంబరు జాతీయ రహదారి మీకు కొత్త కాకపోవచ్చు. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, కీసర టోల్, నందిగామ, చిల్లకల్లు టోల్. గరికపాడు దాటితే రాష్ట్రం మారిపోతుంది. పెట్రోలు కోదాడ వెళ్లాక కొట్టించాం. బోర్డరు అవతల లీటరు కాస్త తక్కువని ఈ రూట్లో తిరిగేవాళ్లందరికీ తెలుసు. తర్వాత సూర్యాపేట. బస్సులన్నీ ఆగేది అక్కడే, మేమూ ఆగాం.

టీ దగ్గర ఒక సంగతి. "మూడు టీలు ఇవ్వండి" అన్నాను నేను. "మూడు చాయ్‌లా? జర ఆగుర్రి" అన్నాడాయన. నూటముప్ఫై కిలోమీటర్ల కింద పొద్దున్నే టీ పోసినాయన "కూర్చోండి బాబూ" అన్నాడు. మధ్యలో గోడేం లేదు, గేటేం లేదు, తెలుగు మాత్రం మెల్లగా గేరు మార్చుకుంటూ వచ్చింది. తెలుగు కమెడియన్‌కి ఇంతకంటే ఏం కావాలి? రాత్రి షోలో పావుగంట నడిచింది దీని మీదే. 'వెళ్దాం' అనేవాడూ 'పోదాం' అనేవాడూ ఒకే రూములో అద్దెకుంటే ఎవరి మాట ఎవరికి అంటుకుంటుందనేది. హాల్లో గుంటూరోళ్లు ఒకచోట నవ్వారు, కరీంనగరోళ్లు ఇంకోచోట నవ్వారు, అనంతపురం నుంచి వచ్చిన ఒకాయన రెండుచోట్లా నవ్వకుండా కూర్చుని, తన వంతు రాగానే కుర్చీలోంచి లేచాడు. ఇంగ్లిష్ షోలో దొరకని నవ్వు ఇది. సబ్‌టైటిల్ పెట్టడం కుదరని నవ్వు.

సూర్యాపేట తర్వాత కొర్లపహాడ్ టోల్, నార్కట్‌పల్లి, చిట్యాల, సంక్రాంతికి ప్రతి టీవీలోనూ కార్ల బారులతో కనిపించే పంతంగి టోల్. అక్కణ్నుంచి సిటీ వాసన మొదలు.

కారు దిల్‌సుఖ్‌నగర్‌లో పిన్ని వాళ్ల సందులో పెట్టేశాం. శనివారం సాయంత్రం ఈ మూల నుంచి ఆ మూల గచ్చిబౌలికి కారేసుకుని వెళ్దామనుకునేవాళ్లకి నా సానుభూతి. మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆటో పట్టుకున్నాం. బయల్దేరేముందు పిన్ని గుమ్మంలో నిలబడి అడిగింది, "జోకులు వినడానికి బెజవాడ నుంచి వచ్చార్రా? మీ బాబాయి రోజూ వేస్తాడు, పైసా ఇవ్వక్కర్లేదు." బాబాయి లోపల్నుంచి, "నవ్వేవాళ్లు ఉండాలిగా!" అన్నాడు. ఆ రోజు మొదటి నవ్వు మాకక్కడే పడింది.

షో ఒక కెఫే మేడ మీద. వంద కుర్చీలుంటాయేమో, మోకాలు మోకాలు తగిలేలా వేశారు. సీలింగ్ చెయ్యెత్తితే అందేంత కిందకి ఉంది. ఇరుకు అని చెల్లి సణిగింది కానీ, కామెడీకి కావలసింది ఈ ఇరుకే. నవ్వు అంటువ్యాధి లాంటిది, పక్కవాడు దగ్గరుంటేనే అంటుతుంది. ఎత్తైన హాల్లో నవ్వు పైకి పోయి తిరిగి రాదు. ఇలాంటి గదిలో నెత్తిమీదే పడుతుంది. ఫోన్లో ఒక్కళ్లమే చూసినప్పుడు ముక్కులోంచి 'హుం' అని గాలి వదిలి వేలితో పైకి తోసేస్తామే, అదే జోకు ఇక్కడ పొట్ట పట్టుకునేలా చేస్తుంది.

మొదలెట్టే ముందే చెప్పారు, ఫోన్లు సైలెంట్, రికార్డింగ్ వద్దు. కారణం పైన రాశాను కదా. వంద మంది ఫోన్లు జేబుల్లో పెట్టుకుని గంటన్నర కూర్చోవడం నేను సినిమా హాల్లో కూడా చూడలేదు.

ఒక్క మనిషి నిలబడి జనాన్ని నవ్వించడం మనకేమీ కొత్త కాదని కొందరంటారు. నిజమే. హరిదాసులు కథ ఆపి పిట్టకథ చెప్పేవాళ్లు. బుర్రకథలో పక్కనుండే ఇద్దరిలో ఒకడి పనే హాస్యం. ఓరుగల్లు నుంచి వచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ ఒక్క గొంతుతో వందల గొంతులు పలికించారు. కానీ తేడా ఒకటుంది. వాళ్లు నవ్వించింది వేరేవాళ్ల కథతో, వేరేవాళ్ల గొంతుతో. ఇప్పుడు మైకు పట్టుకున్న కుర్రాడు చెప్పేది తన ఫీజు బకాయి, తన బ్రేకప్, వాళ్ల నాన్న మౌనం. అంటే తనని తానే ఎక్కించుకుని నవ్వమంటున్నాడు. అందుకే నవ్వు పడకపోతే వాడికి తగిలే దెబ్బ కూడా పెద్దది.

అసలు విషయానికొస్తా. సీట్లు ఎవరు ముందొస్తే వాళ్లకి. మాకు రెండో వరస దొరికింది. బావ అంచున కూర్చున్నాడు. షో మొదలై అరగంటయ్యాక కమెడియన్ కళ్లు మా వైపు తిరిగాయి.

"అన్నా, ఏం చేస్తావ్?"

చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాలుగేళ్లుగా ఏ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికి పెళ్లి భోజనాలు మానేశాడో, అదే ప్రశ్న, వంద మంది ముందు, మైకులో.

"ప్రిపరేషన్" అన్నాడు బావ.

"దేనికి?"

"గ్రూప్స్‌కి."

"ఎన్నో ఏడు?"

"నాలుగు."

కమెడియన్ ఒక్క క్షణం ఆగాడు. "నాలుగేళ్లా? అంటే మధ్యలో ఇంకో బీటెక్ అయిపోయిందన్నమాట!" హాలంతా నవ్వింది. నేను బావ మొహం చూడలేదు, చూసే ధైర్యం లేక. అంతలో ఆయన మళ్లీ మైకెత్తి, "సరే, ఇక్కడ గ్రూప్స్ రాసినోళ్లు చేతులెత్తండి" అన్నాడు. ఒకటి, రెండు, పది. మూడో వంతు హాలు లేపింది చేతులు. ఆయన కూడా ఎత్తాడు. "చూడన్నా, మన ఎగ్జామ్ సెంటర్‌కి కూడా ఇంతమంది రాలేదు."

ఆ నవ్వు వేరు. మొదటిది బావని చూసి నవ్విన నవ్వు, ఇది బావతో కలిసి నవ్వినది. ఈ తేడా తెలిసిన కమెడియనే మంచి కమెడియన్ అని నా లెక్క. కింద కూర్చున్నవాణ్ని ఒక దెబ్బ కొట్టి వదిలేసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల రీల్స్‌కే వ్యూస్ ఎక్కువ కూడా.

అక్కడితో ఆగలేదు. "సరే అన్నా, ఒక ప్రశ్న. ఆర్టికల్ 19 ఏంటి?" అన్నాడు కమెడియన్.

బావ తడుముకోలేదు. "వాక్ స్వాతంత్ర్యం. మీరు బతుకుతున్నది దాని మీదే."

ఆ రాత్రి అన్నిటికంటే పెద్ద నవ్వు అదే. కమెడియన్ మైకు స్టాండుకి పెట్టేసి రెండు చేతులతో దణ్ణం పెట్టాడు. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. బావ చెవులు ఎర్రబడ్డాయి. మా బావ చెవులు సిగ్గుతో కాకుండా ఎర్రబడటం చాలా రోజుల తర్వాత చూశాను.

పదికి ముందే అయిపోయింది. మెట్రోలో తిరిగొస్తూ బావ కొత్త ప్రతిపాదన పెట్టాడు. ఉత్సాహంలో ఉన్నాడు కదా. "ఇప్పుడే బయల్దేరిపోదాంరా. ఒక టోల్ దాటిన 24 గంటల్లోపు అదే టోల్ వెనక్కి దాటితే రెండు టికెట్ల బదులు ఒకటిన్నర టికెట్టే పడుతుంది. నాలుగు టోళ్లలోనూ కలిసొస్తుంది." లెక్క తప్పేం కాదు. చెల్లి కూడా ఊగింది.

తాళం నా జేబులో ఉంది. ఇవ్వలేదు. అర్ధరాత్రి రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు తనంతట తానే నిద్రలోకి జారే వేళ. కళ్లు తెరిచే ఉంటాయి, రెండు సెకన్లు మనం ఉండం. వందలో వెళ్లే కారు ఆ రెండు సెకన్లలో యాభై మీటర్లు పైనే పోతుంది. పక్కన వెనక లైటు లేని లారీ ఆగి ఉంటే చాలు. పొద్దున్నుంచీ నడిపి, గంటన్నర నవ్వి అలసిపోయిన మనిషికి మిరపకాయ బజ్జీలు, పాటల సౌండు, కిటికీ గాలి ఏవీ మందు కాదు. పడుకోవడమే మందు. మీరు ఇలాంటి ట్రిప్ వేస్తుంటే టికెట్ కంటే ముందు రాత్రి పడకకి చోటు చూసుకోండి. పిన్ని లేకపోతే హాస్టల్లో ఫ్రెండు, ఫ్రెండు లేకపోతే చిన్న లాడ్జి. అది కూడా షో ఖర్చులోదే.

"అయితే టోల్ తేడా నువ్వు ఇస్తావా?" అన్నాడు బావ. ఇస్తానన్నాను. పిన్ని ముద్దపప్పు, ఆవకాయ వేసి పదకొండుకి అన్నం పెట్టింది. పొద్దున్న ఆరున్నరకి బయల్దేరాం. పంతంగి, కొర్లపహాడ్ టైములోపే దాటాం. చిల్లకల్లు దగ్గర అరగంటలో, కీసర దగ్గర గంటకి పైగా తేడాతో పోయింది. బావ మెసేజ్‌లు చూసి లెక్కగట్టి నా దగ్గర పైసలతో సహా వసూలు చేశాడు.

ఆ ముక్క రీల్‌గా వస్తుందేమోనని బావ వారం రోజులుగా ఆ కమెడియన్ పేజీ చూస్తూనే ఉన్నాడు. ఇంకా రాలేదు. ఆ వంద మందికి తప్ప ఎవరికీ తెలియదు.

మొన్న గురువారం మా బంధువుల పెళ్లి. బావ వచ్చాడు. భోజనాలకి కూర్చున్నాడు కూడా. పక్కనున్న మావయ్యగారు నెయ్యి కలుపుకుంటూ మొదలెట్టారు, "ఏం చేస్తున్నావు బాబూ, ఇంకా ఆ చదువేనా?"

"అవును మావయ్యా. నాలుగేళ్లు. ఇంకో బీటెక్ అయిపోయింది" అన్నాడు బావ.

మావయ్య నవ్వలేదు. ఫంక్షన్ హాల్ కదా, సీలింగ్ ఎత్తు.