కరెంటు పోయినా నీళ్లు దిగాలి

 

అణు విద్యుత్తు అనగానే మనవాళ్లు "బాంబు" అంటున్నారు. అది తప్పని నా అభిప్రాయం. మన జిల్లాలోనే, రణస్థలం దగ్గర కొవ్వాడలో ఏ.పి.1000 అనే అమెరికా రకం రియాక్టర్లు ఆరు పెట్టాలని ప్రతిపాదన ఉంది. ఒక్కొక్కటి 1208 మెగావాట్లు. ఇంకా కట్టలేదు. ఈలోగా ఆ డిజైన్ ఏమిటో తెలుసుకుని వాదించుకుందాం.

ఇందులో నీటిని గాలి ఒత్తిడికి సుమారు 155 రెట్ల ఒత్తిడిలో బిగించి ఉంచుతారు. అందుకే 300 డిగ్రీలు దాటినా మరగదు. ఆ వేడితో వేరే నీటిని ఆవిరి చేసి టర్బైను తిప్పుతారు. ఇది పాత పద్ధతే. 1954లో నీటిలోకి దించిన నాటిలస్ జలాంతర్గామిలోనూ ఇదే ఉంది.

అసలు చిక్కు ఆపిన తర్వాతే. మంట ఆర్పినా నిప్పులు కణకణలాడినట్టు ఇంధనం వేడెక్కుతూనే ఉంటుంది. నీళ్లు పోస్తూనే ఉండాలి. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపానికి కరెంటు, సునామీకి జనరేటర్లు పోయి పంపులు ఆగిపోయాయి. (అది వేరే రకం రియాక్టరే గాని జబ్బు ఒకటే.)

వెస్టింగ్‌హౌస్ ఇంజనీర్లు ఇది ముందే ఆలోచించారు. మొదట ఏ.పి.600 గీశారు, దానికి 1999లో అమెరికా అనుమతి వచ్చింది. దాన్నే పెంచి చేసిన ఏ.పి.1000కి 2006లో వచ్చింది. మా ఊళ్లో కరెంటు పోతే బోరు మోటారు ఆగిపోద్ది. కొండ మీది ఊట నుంచి గొట్టంలో వచ్చే నీళ్లు మాత్రం ఆగవు. ఇదీ అంతే. పైన పెద్ద నీళ్ల ట్యాంకు ఉంటుంది. కవాటాలు తెరుచుకుంటే నీళ్లు వాటంతటవే ఉక్కు గోడ మీద జారతాయి. లోపలి ఆవిరి, మన వంటశాల గుండిగ మూతకి పట్టినట్టు, నీరై కిందకి దిగుతుంది. 72 గంటలు ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదట. నాకు ఇది బాగా నచ్చింది. అయితే నిజమైన ప్రమాదంలో ఇంతవరకు పరీక్షకు రాలేదు, అదీ చెప్పాలి.

నా గొడవంతా ఖర్చు మీద. చైనాలోని సన్మెన్‌లో మొదటిది 2018లో నడిచింది. అమెరికాలో వోగ్ట్‌ల్ దగ్గర రెండు కట్టేసరికి ఏడేళ్లు ఆలస్యమై 3,000 కోట్ల డాలర్లు దాటింది. సౌత్ కెరొలినాలో రెండింటిని 2017లో మధ్యలోనే వదిలేశారు. అదే ఏడు ఆ కంపెనీ దివాలా అర్జీ పెట్టింది.

మా గదిలో ఒక అన్న, "అయితే కరెంటు వద్దంటావా?" అని అడిగాడు. వద్దనను. కాని కొవ్వాడ మత్స్యకారులు ఊరూ, వేటా వదులుకోవాలి కదా. వాళ్లను ఖాళీ చేయించకముందే యూనిట్ ఎంతకి పడుతుందో, సగంలో ఆగితే ఎవరు బాధ్యులో తెలుగులో రాసి వాళ్ల చేతికి ఇవ్వమంటాను.