విప్పి బిగించుకునే లాప్‌టాప్: మన ఊళ్లకు పనికొస్తుందా?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా ఈ ఏడు ఇంజనీరింగ్‌లో, డిగ్రీ కంప్యూటర్స్‌లో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరిదాకా చదవండి.

"అన్నా, ఫ్రేమ్‌వర్క్ 16 అని ఒక గేమింగ్ లాప్‌టాప్ ఉందంట. విడిభాగాలు తెప్పించుకుని మనమే బిగించుకోవచ్చంట. గ్రాఫిక్స్ కార్డు కూడా మార్చుకోవచ్చంట. ఎట్లుంటుంది?" అని చాలామంది అడుగుతున్నారు. బనగానపల్లె చుట్టుపక్కల తండాల పిల్లలూ ఇదే అడుగుతున్నారు. "బాగుంది", "బాగలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేది కాదిది. మన ఇళ్లలో లాప్‌టాప్ ఒక్కసారే కొంటాం. మేకలు అమ్మి కొంటాం, నాపరాయి గనిలో చేసిన కూలి దాచి కొంటాం, లేదంటే ఈఎంఐ పెట్టి కొంటాం. మూడో ఏడు అది మూలన పడితే ఇంకోటి కొనే స్తోమత ఉండదు. ఇంటికి అప్పు మిగులుతుంది, పిల్లోడి ప్రాజెక్టు ఆగిపోతుంది. అందుకే ఈ లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి.

ముందు ఆ మిషన్ సంగతి. ఫ్రేమ్‌వర్క్ అమెరికా కంపెనీ, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంది. 2021లో 13 అంగుళాల లాప్‌టాప్‌తో మొదలుపెట్టింది. పెద్దదైన 16 అంగుళాలది 2023లో ప్రకటించి 2024 మొదట్లో కొన్నవాళ్లకు పంపింది. మేము దీన్ని చేత్తో పట్టుకుని వాడి చెప్పడం లేదు. కంపెనీ ఇచ్చిన వివరాలు, కొని వాడినవాళ్ల మాటలు చదివి చెప్తున్నాం.

దీంట్లో మెచ్చుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. పెట్టెతో పాటు స్క్రూ డ్రైవర్ కూడా ఇస్తారు. లోపల ఒక్కో భాగం మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోన్‌తో స్కాన్ చేస్తే అది ఎట్ల తీయాలో, ఎట్ల పెట్టాలో చూపించే పేజీ వస్తుంది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ, స్క్రీన్, కీబోర్డు అన్నీ విడిగా మార్చుకోవచ్చు. పక్కల ఆరు చిన్న గూళ్లు ఉంటాయి, వాటిలో మనకు కావాల్సిన పోర్టులు పెట్టుకోవచ్చు. ఛార్జింగ్ కూడా ఆ గూటిలో పెట్టిన కార్డు ద్వారానే. మన దగ్గర లాప్‌టాప్‌లకు ఛార్జర్ పిన్ లూజై షాపుకు పోవడం ఎంత మామూలో తెలుసు కదా? ఇక్కడైతే ఆ చిన్న కార్డు లాగేసి వేరేది పెడితే చాలు.

అన్నిటికన్నా పెద్ద విషయం గ్రాఫిక్స్ కార్డు. మామూలు గేమింగ్ లాప్‌టాప్‌లో అది మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది. పాతబడినా, కాలిపోయినా బోర్డు మొత్తం మార్చాల్సిందే. దీంట్లో వెనకవైపు పెట్టెలా విడిగా బిగుస్తుంది. 2024లో రేడియాన్ ఆర్‌ఎక్స్ 7700ఎస్ ఇచ్చారు. 2025 ఆగస్టులో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5070 ప్రకటించారు, అది 2024లో కొన్న పాత మిషన్‌కూ సరిపోతుంది. "తర్వాత మార్చుకోవచ్చు" అనే మాటలు లాప్‌టాప్ లోకంలో చాలా విన్నాం. ఇక్కడ మాత్రం ఆ మాట నిలబడింది.

మరి లోపాలు? గ్రాఫిక్స్ పెట్టె బిగిస్తే బరువు 2.4 కిలోలు. లోడ్ పెరిగితే ఫ్యాను మోత ఎక్కువ. మొదట ఇచ్చిన 180 వాట్ల ఛార్జర్ పెద్ద గేములు ఆడేటప్పుడు చాలక బ్యాటరీ నుంచి కూడా కరెంటు లాగుతుంది. 2025లో 240 వాట్లది ఇచ్చారు.

ఇప్పుడు అసలు లెక్క, డబ్బు. 2024లో మనమే బిగించుకునే రకం ధర 1,399 డాలర్ల నుంచి మొదలు. గ్రాఫిక్స్ కార్డుకు ఇంకో 400 డాలర్లు. అప్పటి డాలరు రూ. 83 చొప్పున చూస్తే దాదాపు లక్షన్నర. దీంట్లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, విండోస్, ఛార్జర్ లేవు. అవన్నీ కలిపి, రవాణా, పన్నులు వేసుకుంటే రెండు లక్షలకు పోతుంది. వేగంలో మాత్రం ఆర్‌టీఎక్స్ 4060 ఉన్న మామూలు గేమింగ్ లాప్‌టాప్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అట్లాంటివి మన దేశంలో లక్ష చుట్టూ దొరికాయి. అంటే మిగతా డబ్బు వేగానికి కాదు, విప్పి మార్చుకునే వీలు కోసం కట్టేది.

ఆ వీలుకు డబ్బు కట్టడం తప్పని మేము అనం. ఇక్కడే మాకు కొంతమంది మిత్రులతో తేడా ఉంది. "విప్పి బిగించుకోవడం డబ్బున్నోళ్ల సరదా, మనకెందుకప్పా" అంటారు వాళ్లు. మేము ఒప్పుకోం. డబ్బున్నోడు లాప్‌టాప్ చెడిపోతే కొత్తది కొనుక్కుంటాడు, వాడికి రిపేరు అక్కర్లేదు. ఒక్కసారే కొనగలిగే మనకే రిపేరు కావాలి. మన ఊర్లో బోరు మోటారు కాలిపోతే ఎవరైనా పారేస్తారా? బయటికి లాగి, బండికేసుకుని పోయి రీవైండింగ్ చేయించి మళ్లీ దింపుతాం. ఒకే మోటారు రెండుమూడు సార్లు రీవైండింగ్ అయినా నడుస్తుంది. అదే ఇంట్లో డెబ్బై వేల లాప్‌టాప్ మాత్రం చిన్న భాగం పోయినా బీరువా మీద దుమ్ము పట్టి ఉంటుంది. మన వాళ్లకు రిపేరు తెలియక కాదు, ఆ వస్తువు రిపేరుకు ఒప్పుకోదు కాబట్టి.

అయితే మోటారు ఎందుకు బతుకుతోంది? మూడు కారణాలు. అది విప్పడానికి వీలుగా ఉంటుంది. రాగి తీగ, బేరింగులు నంద్యాలలో దొరుకుతాయి. చేసే మేస్త్రీ దగ్గర్లోనే ఉంటాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మోటారు పాత ఇనుము కిందకే.

ఇదే కొలతతో ఫ్రేమ్‌వర్క్‌ను చూడండి. మొదటిదానికి నూటికి నూరు మార్కులు. మూడోది కూడా నేర్పిస్తుంది. రెండోదే లేదు. 2025 దాకా ఆ కంపెనీ నేరుగా అమ్మే దేశాల్లో మన దేశం లేదు. రేపు దాని మదర్‌బోర్డు పోతే అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న తెలిసినవాళ్లను బతిమాలి తెప్పించుకోవాలి. అందరికీ అట్లాంటి చుట్టాలు ఉండరు కదా. కాబట్టి మా మాట ఇది: మిషన్ మంచిదే, కానీ బనగానపల్లెలో ఉన్న విద్యార్థి ఇప్పుడు కొనాల్సింది కాదు. భాగాలు ఇక్కడ అమ్మడం మొదలైన రోజు మళ్లీ మాట్లాడదాం.

మరి ఏం కొనాలి? వాళ్ల మిషన్ వదిలేసి వాళ్ల పద్ధతి పట్టుకోండి. షాపులో "ఏ గేము ఆడుతుంది" అని అడిగే ముందు ఇవి అడగండి.

ర్యామ్ స్లాటులో ఉందా, బోర్డుకు అతికించి ఉందా? రెండో ఎస్‌ఎస్‌డీకి చోటుందా? బ్యాటరీ స్క్రూలతో ఉందా, జిగురుతోనా? ఛార్జింగ్ పిన్ విడి ముక్కా, బోర్డులో భాగమా? ఈ మోడల్‌కు సర్వీస్ మాన్యువల్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉందా? బ్యాటరీ, స్క్రీన్ కర్నూలులో గానీ హైదరాబాద్‌లో గానీ దొరుకుతాయా? షాపులో చెప్పకపోతే మోడల్ నంబరు రాసుకుని, యూట్యూబ్‌లో దాన్ని విప్పే వీడియో చూసి రండి. ఆ తర్వాతే డబ్బు తీయండి.

గేములు, త్రీడీ పనులు, వీడియో ఎడిటింగ్ నిజంగా కావాల్సినవాళ్లకు, ఇంట్లోనో రూములోనో ఒకచోట కూర్చుని చేసుకునే వీలుంటే, డెస్క్‌టాప్ గురించి ఆలోచించండి. మనమే బిగించుకునే కంప్యూటర్ మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి పోతే ప్రతి భాగమూ విడిగా దొరుకుతుంది. డెస్క్‌టాప్ ఎంత కాలం సాగుతుందో ఒక ఉదాహరణ: ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది, 2024లో కూడా దానికి కొత్త ప్రాసెసర్లు విడుదలయ్యాయి. కరెంటు పోయినప్పుడు పని పోకుండా యూపీఎస్ ఖర్చు కూడా కలుపుకోండి. క్లాసుకు మోయడానికి సెకండ్‌హ్యాండ్ ఆఫీసు లాప్‌టాప్ ఒకటి చాలు.

ఇంకోటి మన ప్రాంతం దుమ్ము. నాపరాయి పొడి, ఎండాకాలం 40 దాటే వేడి, ఈ రెండూ గేమింగ్ లాప్‌టాప్‌కు విషం. దుమ్ము పట్టి గాలి ఆడకపోతే వేడెక్కుతుంది, వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు వెనక మూత తీసి ఫ్యాను శుభ్రం చేయాలి. పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, బ్యాటరీ వైరు ఊడదీసి, ఫ్యాను రెక్కలు తిరగకుండా పట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులపాలి. వారంటీలో ఉంటే ముందు షరతులు చదవండి. ఈ పని ఆడపిల్లలు, మగపిల్లలు అందరూ నేర్చుకోవాలి. ప్రతి హాస్టల్‌లో ఇద్దరికి వస్తే హాస్టల్ మొత్తానికి వచ్చినట్టే.

చివరగా హక్కు మాట. రిపేరు హక్కు మీద కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది, అదే ఏడు డిసెంబరులో పోర్టల్ పెట్టింది. వస్తువు ఎంత సులువుగా రిపేరు అవుతుందో తెలిపే సూచిక గురించి ఇంకో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఫ్రిజ్ మీద కరెంటు స్టార్లు ఉన్నట్టు లాప్‌టాప్ మీద రిపేరు మార్కులు ఉంటే, చదువు లేని మన నాయనకూ అమ్మకూ షాపులో ఏది అడగాలో తెలుస్తుంది. ఇది నగరాల్లో ఉండేవాళ్ల గొడవ అని వదిలేయొద్దు. విడిభాగాలు మండల కేంద్రం దాకా రావాలని, మాన్యువల్ తెలుగులో ఉండాలని అడగాల్సింది మనమే.

మీరు వాడుతున్న లాప్‌టాప్ మోడల్, కొన్న ఏడు, పోయిన భాగం, దాన్ని ఎక్కడ, ఎంతకు బాగు చేయించారో కింద రాయండి. వచ్చే ఏడు కొనే తమ్ముడికి ఏ యాడ్ కన్నా ఆ నాలుగు వాక్యాలే ఎక్కువ పనికొస్తాయి.