గోదావరి ఒడ్డున సకశేరుక చరిత్ర

బండారులంక నేతయిండ్లలో పుట్టి, ప్రతిదినమును అమలాపురమునకు పోయి బి.ఎస్‌సి.లో జంతుశాస్త్రము చదువు పిల్లలను మీరేమి నేర్చుచున్నారని అడిగినచో, సొరచేప గుండె, కప్ప అస్థిపంజరము, తొండ, పావురము, కుందేలు అని వరుసగా అప్పగింతురు. ఆ జంతువులను గూర్చి వారెరిగినది తక్కువ కాదు. కాని ఆ అయిదింటికిని నడుమ గల చుట్టరికమేమని ప్రశ్నించినప్పుడు మాత్రము, అది వేరొక సెమిస్టరు పాఠమని చెప్పి ఊరకుందురు. సకశేరుకముల నిర్మాణమును ఒక పేపరుగను, జీవపరిణామమును మరియొక పేపరులోని భాగముగను విడదీసి బోధించు పద్ధతి సాగినంత కాలము, మన పిల్లలకు శరీరములు తెలియును గాని అవి అట్లేల యున్నవో తెలియదని నా దృఢాభిప్రాయము.

చెవినే తీసికొందము. మన మధ్యకర్ణమునందు కూటకము, దాగలి, కర్ణాంతరాస్థి అను మూడు చిన్న యెముకలు కలవు. వాని పేర్లు వల్లించినవానికి మార్కులు వచ్చును. కాని సొరచేపయందు దవడను కపాలమునకు ఆనించి పట్టుకొను భాగమే కర్ణాంతరాస్థికి మూలమనియు, తొండయందు నేటికిని దవడకీలుగా పనిచేయు రెండెముకలే క్షీరదముల వంశమునందు క్రమక్రమముగా చిన్నవై కూటకమును దాగలియునై వినికిడికి వినియోగపడినవనియు, మాతృగర్భమునందలి శిశువునకు ఆ రెండును ఇప్పటికిని క్రింది దవడ మృదులాస్థితో కలిసియే పుట్టుచున్నవనియు గ్రహించినవానికి, సొర, తొండ, కుందేలు అను మూడు పాఠములు ఒక్క పాఠమగును. పాత పడుగు ముగియవచ్చినప్పుడు మగ్గమును విప్పివేయక, దాని కొసలకే క్రొత్త పడుగును పోగుపోగునా అతికి నేత సాగించు ఇంటి బిడ్డకు, ప్రకృతి ఉన్న అవయవమునే మార్చుకొని క్రొత్తపనికి వాడుకొనినదను మాట ఎవరికంటెను త్వరగా బోధపడునని నేను నమ్ముదును.

ఈ చరిత్రకు సాక్ష్యములు విదేశములందే వెదకనక్కరలేదు. కోనసీమను చుట్టి సముద్రమున కలియు గోదావరియే వానిని తన పరీవాహక ప్రాంతమునందు దాచియుంచినది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మాలేరి శిలలలో దొరకిన పుప్పుసచేపల (ఊపిరితిత్తులు గల చేపల) దంతములను 1859లో భూగర్భ శాస్త్రవేత్త థామస్ ఓల్డ్‌హామ్ వర్ణించెను. ఆ జాతి సమీపబంధువొకటి ఆస్ట్రేలియా నదులలో నేటికిని సజీవముగా నున్నదని శాస్త్రలోకమునకు తెలిసినది 1870లో. ప్రాణహిత ఒడ్డునున్న కోట గ్రామము పేరిట ప్రసిద్ధములైన జురాసిక్ శిలలయందు చేపలు, తాబేలు, తొండజాతి జీవులు, రాక్షసబల్లులు, ఆదిమ క్షీరదముల మిక్కిలి చిన్న దంతములు, ఇన్నియు లభించినవి. యామనపల్లి వద్ద దొరకిన రాక్షసబల్లికి 1988లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన యాదగిరి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణము చేసెను. దాని అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రములో నిలువెత్తున నిలిచియున్నది. ఒక తెలుగు పల్లె పేరును ప్రపంచశాస్త్రము తన గ్రంథములలో వ్రాసికొనగా, డిగ్రీ విద్యార్థులలో ఆ పేరు విన్నవారు అరుదుగా నుండుట నాకు మిక్కిలి బాధాకరము.

చేపలు నేలకెక్కిన కథను చెప్పునపుడు కోరంగి మడ అడవుల బురదపై రెక్కలతో గెంతుచు తిరుగు చిన్న చేపలను ఉదాహరించుట ఆచారమైనది. చూపవలసినదే, కాని అవి మన పూర్వికులు కావనియు, నేలపై మెలగుటను తమంత తాము వేరుగా అలవరచుకొన్నవనియు, మన చేతులకు కాళ్లకు మూలమైన కండగల రెక్కలు మాలేరి పుప్పుసచేపల వంశపు వైపున నున్నవనియు వెంటనే చెప్పవలెను. పోలికకును బంధుత్వమునకును గల ఈ భేదమును ఎరుగుటయే సకశేరుక శాస్త్రమునకు ప్రాణము.

వైద్యవిద్యలో సీటు రానివారికి మిగిలిన చదువు ఇదియని కొందరు తేలికగా మాటలాడుదురు. వైద్యుడు చేతబట్టు ప్రతి యవయవమునకును ఈ చరిత్రయే కారణము గదా! పైగా 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి పుస్తకమునుండి జీవపరిణామ పాఠమును తొలగించినందున, ఇంటర్మీడియెట్‌లో జీవశాస్త్రము తీసికొనని పిల్లలు దానిని ఎన్నడును చదువకయే పోవుదురు. కనుక ఈ శాస్త్రమును ఎన్నుకొన్న కొద్దిమందికైనను దానిని సమగ్రముగా అందించు భారము కళాశాలలపై హెచ్చినది.

కప్పలను కోయుట ఆగినది, ఆగుటయే మంచిది. కాని దాని స్థానమున గోడపై పటము వ్రేలాడదీసి ఊరకుండుట తగదు. అమలాపురము చేపల మార్కెట్టులో పారవేయు సొరతల, కోళ్ల దుకాణములో మిగులు కాలియెముకలు, మేక దవడ, వీనిని ఉడికించి, శుభ్రపరచి, ఆరబెట్టినచో ఏ కళాశాలయైనను ఒక్క సంవత్సరములో తన యెముకల బీరువాను నింపుకొనగలదు. ఖర్చు స్వల్పము, ఏ ప్రాణికిని క్రొత్తగా హాని లేదు. రాజమహేంద్రవరమునందలి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము సకశేరుక నిర్మాణమును, జీవపరిణామమును ఒక్క పేపరుగా కూర్చి, ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థి చేతికి ఒక యెముకను ఇచ్చి, దీని పేరేమని గాక, ఇది మొదట ఏ పనికి ఉండెను, ఎవరి యందు ఏ పనికి మారినది అని అడుగు పద్ధతిని వచ్చు విద్యాసంవత్సరము నుండి ప్రవేశపెట్టవలెనని కోరుచున్నాను.