సెలవు చీటీ ఎవరికి రాయాలి?

మనలో చాలామంది ఇంగ్లీషులో రాసిన మొదటి ఉత్తరం లీవ్ లెటరే. జ్వరంగా ఉంది, రెండు రోజులు సెలవు ఇప్పించండి అని ఆరో తరగతిలో బట్టీ పట్టించారు. దెబ్బలు తిని మరీ నేర్చుకున్నాం. ఆ ఉత్తరం పైన ఒక అడ్రసు ఉండేది, హెడ్మాస్టరు గారికి అని. అదే తెల్లవారుజామున చీకట్లో చీపురు పట్టుకుని రోడ్డెక్కిన మన అమ్మలకు జ్వరమొస్తే రాసుకోవడానికి అడ్రసే లేదు.

ఈ మధ్య హైదరాబాద్ శివార్లలో కొందరు కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులతో కూర్చుని మాట్లాడాం. ఒక అక్కకు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. తెల్లారకముందే మేస్త్రికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. పక్కింటామెతో కబురంపింది. మూడు రోజుల తర్వాత పనిలోకి పోతే మస్టర్‌లో నాలుగు ఆబ్సెంట్లు ఉన్నాయి. మధ్యలో వచ్చిన వారం సెలవును కూడా లెక్కలో కలిపేశారు.

"చెప్పకుండ ఎట్ల మానేస్తవ్?"

"చెప్పిన సార్, నీ ఫోన్‌కే చేసిన. కబురు గూడ పంపిన."

"చెప్తే సరిపోతదా? పర్మిషన్ ఎవరిచ్చిండ్రు?"

ఈ మూడు మాటల్లోనే విషయమంతా ఉంది. హైటెక్ సిటీలో పనిచేసే వాళ్లు జబ్బు చేస్తే మేనేజర్‌కు ఒక మెసేజ్ పెట్టి దుప్పటి కప్పుకుంటారు. అక్కడ జబ్బు చేసిందని సమాచారం ఇస్తే చాలు. ఇక్కడ జబ్బు పడడానికి ముందుగా అనుమతి తెచ్చుకోవాలి.

సరే, అనుమతి అడగాలంటే ఎవరిని అడగాలి? రోజూ పని చూపించేది మేస్త్రి. ఆయన పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. జీతం వేసేది ఏజెన్సీ. ఊరు శుభ్రంగా ఉందని అవార్డు తీసుకునేది మున్సిపాలిటీ. సెలవు మాటెత్తగానే మేస్త్రి ఏజెన్సీని చూపిస్తాడు, ఏజెన్సీ మున్సిపాలిటీని చూపిస్తుంది, మున్సిపాలిటీ 'వాళ్లు మా ఉద్యోగులు కారు' అంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో దళారులను తప్పిస్తామంటూ 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ తెచ్చారు. జీతం వేసే పేరు మారింది కానీ తెల్లవారుజామున ఫోన్ ఎత్తాల్సింది మళ్లీ ఆ మేస్త్రే. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ, కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు యజమాని, అంటే మున్సిపాలిటీ, కట్టాలన్నదే నియమం. కూలికి అసలు యజమాని ఉన్నప్పుడు సెలవుకు ఎందుకు లేడు?

ఈ ఖాళీని ఇన్నాళ్లూ మన కుటుంబాలే పూడ్చాయి. అమ్మకు బాగాలేకపోతే ఆమె బదులు నాన్నో, కూతురో పోయి ఊడ్చేవాళ్లు. ఇంటర్ చదివే పిల్ల పరీక్షల రోజుల్లో కూడా తల్లి బీటు ఊడ్చి, స్నానం చేసి, కాలేజీకి పరిగెత్తిన కథలు మన వాడల్లో ఇంటికొకటి దొరుకుతాయి. మేస్త్రికి అభ్యంతరం ఉండేది కాదు. ఆయనకు కావాల్సింది ఊడ్చిన రోడ్డు. ఎవరి నడుము వంగిందన్నది ఆయనకు అనవసరం. ఇప్పుడు ముఖం చూసి హాజరు వేసే యాప్‌లు వచ్చాయి. కూతురు రోడ్డు ఊడ్వగలదు గానీ ఆమె ముఖం అమ్మ ముఖం కాదు. దాంతో బదిలీ దారి మూసుకుపోయింది, దాని స్థానంలో సెలవు మాత్రం రాలేదు. దొంగ హాజర్లను అరికట్టడానికే ఈ యాప్ అంటారు. లేని మనుషుల పేర్లతో జీతాలు ఎత్తడం తప్పే, ఆపాల్సిందే. కానీ మస్టర్ పుస్తకం ఎప్పుడూ కార్మికురాలి చేతిలో లేదు కదా. పుస్తకం ఎవరి చేతిలో ఉందో వాళ్ల ముఖాలు ఏ యాప్‌లోనూ నమోదు కావడం లేదు. ఇంకో సంగతి. ఆ యాప్‌లో 'హాజరు', 'గైర్హాజరు' ఉన్నాయి. 'జబ్బు' అని మూడో గడి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

పారిశుధ్య కార్మికులు రాకపోవడాన్ని నేరంగా చూసే అలవాటు యాప్‌తో మొదలైంది కాదు. బ్రిటిష్ కాలపు మున్సిపల్ చట్టాల్లోనే అది ఉంది. 1916 నాటి సంయుక్త రాష్ట్రాల మున్సిపాలిటీల చట్టం ప్రకారం, వంశపారంపర్యంగా ఒక ఇంటిని శుభ్రం చేసే పాకీ మనిషి ఆ పని సరిగా చేయకపోతే మేజిస్ట్రేటు పది రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మామూలుగా ఒక వృత్తివాడు పనిలోకి రాకపోతే అది యజమానికీ వాడికీ మధ్య తగాదా. పాకీ మనిషి రాకపోతే కోర్టు కేసు. అంబేడ్కర్ తన రచనల్లో ఈ చట్టాలను ఎత్తిచూపారు. నేటికీ రెల్లి, మాదిగ, మాల, మెహతర్ కులాల వాళ్లే ఎక్కువగా చేసే ఈ పనిలో జబ్బు పడడం అంటే తప్పు చేయడమే అన్న చూపు అక్కడి నుంచి నడిచి వచ్చిందే.

ఈఎస్‌ఐ ఉంది కదా అంటారు. ఉంది, దాని వెనక మన చరిత్ర కూడా ఉంది. కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక 1944లో వచ్చినప్పుడు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు అంబేడ్కరే. 1948లో చట్టమైంది. కార్మికుల జీతంలో 0.75 శాతం కోత పడుతుంది, యజమాని 3.25 శాతం కట్టాలి. జబ్బు చేస్తే సగటు రోజు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి.

చెప్పుకోవడానికి బాగుంది. ఇప్పుడు ఆ అక్క జ్వరాన్నే లెక్క వేద్దాం. రోజు కూలి 500 రూపాయలు, జ్వరం ఐదు రోజులు అనుకుందాం. పోయిన కూలి 2,500. ఈఎస్‌ఐలో మొదటి రెండు రోజులకు సాధారణంగా ఏమీ రాదు. గత జబ్బు ముగిసి 15 రోజులు దాటకుండా మళ్లీ పడకేస్తేనే ఆ మినహాయింపు. మిగిలిన మూడు రోజులకు రోజుకు 350 చొప్పున 1,050. దానికోసం ఈఎస్‌ఐ డాక్టర్ సర్టిఫికెట్ తేవాలి, డిస్పెన్సరీకి ఆటో పెట్టుకోవాలి, లైన్లో నిలబడాలి. వాడలో ఆర్ఎంపీ రాసిన చీటీ చెల్లదు. అసలు చెత్త ఎత్తే మనిషికి తరచుగా వచ్చేవి ఏవి? ఒకటి రెండు రోజుల విరేచనాలు, నడుము నొప్పి, గాజు పెంకు గుచ్చుకుని వాచిన పాదం. సరిగ్గా ఆ ఒకటి రెండు రోజులకే బీమా చేతులెత్తేస్తుంది. ఆ రోజుల భారం యజమాని మోయాలి. మన దగ్గర యజమాని ఎవరో తేలలేదు!

షాపులు, సంస్థల చట్టం (1988) కింద బట్టల షాపు గుమాస్తాకు జబ్బు చేస్తే ఏడాదికి 12 రోజులు జీతంతో సెలవు హక్కు. ఆ షాపు ముందు రోడ్డు ఊడ్చే మనిషికి అది అందదు.

పని పోయే భయం ఇంకొకటి. 'పది రోజులు రాలేదు, పేరు తీసేశాం' అని నోటి మాటతో పంపేస్తారు. ఇది చెల్లదు. డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది, విచారణ లేకుండా, సంజాయిషీ అడగకుండా గైర్హాజరు పేరుతో ఉద్యోగం తీసేయడం కుదరదని. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో ఇంకొక అడుగు ముందుకేసింది: రాకపోవడం కావాలని చేసిందేనని నిరూపించాలి, జబ్బు లాంటి కారణాలుంటే దాన్ని ధిక్కారం అనలేం. పారిశ్రామిక వివాదాల చట్టం 25బి సెక్షన్ జబ్బు వల్ల మధ్యలో ఆగిన పనిని కూడా నిరంతర సేవగానే లెక్కించమంది. ఈఎస్‌ఐ జబ్బు భత్యం తీసుకుంటున్న కాలంలో పనిలోంచి తీసేయకూడదు, శిక్షించకూడదు అని 1948 చట్టం 73వ సెక్షన్ చెప్పేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన లేబర్ కోడ్‌లు 2025లో ఈ పాత చట్టాలను తమలో కలుపుకున్నాయి. కాబట్టి యూనియన్లు ఏ సెక్షన్ ఎక్కడికి పోయిందో, ఏది పలచబడిందో ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవాల్సిన సమయం ఇది.

ఈ తీర్పులన్నీ పనికొచ్చేది ఒక్క షరతు మీద. జబ్బు చేసిందని చెప్పినట్టు రుజువు ఉండాలి. మన వాళ్ల దగ్గర లేనిది అదే. ఫోన్ కాల్‌కు, పక్కింటామెతో పంపిన కబురుకు కాగితం ఉండదు. అందుకే కాలేజీ పిల్లలను ఒకటి అడుగుతున్నాం. అమ్మకు ఒంట్లో బాగాలేని రోజు మేస్త్రికి ఫోన్ చేయించండి, ఆ వెంటనే ఆమె ఫోన్ నుంచే తెలుగులో వాట్సాప్ పెట్టండి. పేరు, డివిజన్, తేదీ, ఏం జబ్బో, ఎన్ని రోజులు పట్టొచ్చో, అంతే. బతిమాలాల్సిన పని లేదు. మేస్త్రికి ఒక్కడికే కాదు, ఇన్‌స్పెక్టర్‌కు, ఏజెన్సీ సూపర్‌వైజర్‌కు కూడా పంపండి. ఆ మెసేజ్ ఫోటో తీసి దాచండి. మొదటి రోజే ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి తీసుకుపోండి, మూడో రోజు దాకా ఆగితే ముందు రోజులకు సర్టిఫికెట్ దొరకడం కష్టం. తిరిగి పనిలో చేరిన రోజు సర్టిఫికెట్ నకలు ఇచ్చి, అందినట్టు సంతకం అడగండి. సంతకం పెట్టనంటే అదే విషయం ఇంకో మెసేజ్‌గా పంపండి.

మేం కలిసిన ఆ అక్క కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. పోయిన వారం వాళ్లమ్మకు మళ్లీ జ్వరం వస్తే తనే మెసేజ్ రాసి ముగ్గురికీ పంపింది. మేస్త్రి ఫోన్ చేసి, "ఇదంత ఎందుకమ్మా, ఒక మాట చెప్తే అయిపోతుండె గదా" అన్నాడట. ఆ నెల మస్టర్‌లో ఏం రాశారో జీతం పడ్డాక తెలుస్తుంది.