కఠువా బండికి ఒక్క డ్రైవరే బాధ్యుడా?

2024లో రైల్వే బోర్డు ఛైర్‌పర్సన్‌గా ఉన్న శ్రీమతి జయా వర్మ సిన్హా గారికి,

కఠువాలో మనిషి లేకుండా కదిలిపోయిన గూడ్సు బండి డ్రైవర్‌ను ఉద్యోగంలోంచి తీసేశారని పేపర్లో చదివాను. 2024 ఫిబ్రవరి 25, ఆదివారం బండి కదిలింది, వారం తిరిగేసరికి దోషి దొరికాడు. ఇంత చురుకుదనం మన శాఖలో ఉందని గూడ్సు గార్డుగా రిటైరైన నాకే తెలియదు.

ఆయన తప్పు లేదని నేననను. హ్యాండ్ బ్రేకులు బిగించకుండా ఇంజను దిగితే అది తప్పే. కానీ 53 వ్యాగన్ల కంకర మనిషి లేకుండా జమ్మూ కశ్మీర్ దాటి పంజాబ్‌లోకి 70 కిలోమీటర్లకు పైగా పరుగెత్తిందంటే, ఆ తప్పు ఒక్కడికే సరిపోతుందా?

మీరు ట్రాఫిక్ సర్వీసులో పెరిగినవారు, మీకు చెప్పక్కర్లేదు. ఈ ఉత్తరం చదివే మిగతావారి కోసం రాస్తున్నాను. ఇంజను ఆపితే కంప్రెసర్ ఆగుతుంది. బ్రేకు సిలిండర్లలో పట్టి ఉన్న గాలి ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంటుంది. అది దిగిపోయాక బండిని నిలబెట్టేవి హ్యాండ్ బ్రేకూ, చక్రం కింద పెట్టే చెక్క వెడ్జూ మాత్రమే. ఆ హ్యాండ్ బ్రేకు బిగించాలంటే కంకర మీద నడుచుకుంటూ వ్యాగన్ వ్యాగన్ దగ్గరా ఆగి, ఒంటి బరువంతా వేసి తిప్పాలి. కొన్ని తుప్పు పట్టి తిరగనే తిరగవు. ఈ పని ఒక చివర డ్రైవరు, రెండో చివర గార్డు చూసుకునేవాళ్లం. కఠువా బండికి గార్డూ లేడు, బ్రేకు వ్యానూ లేదని పత్రికలు రాశాయి. 2022లో గార్డుల్ని ట్రైన్ మేనేజర్లన్నారు, సంతోషం. మేనేజరు లేకుండానే బండిని అక్కడిదాకా నడిపించిందెవరు? ఇంజను ఆపేసి వచ్చెయ్యమన్నదెవరు? బండ్లను నడిపించే కంట్రోలు ఆఫీసులో కూర్చున్నవాళ్ల ఉద్యోగాలు పోయాయా?

ఇక ఆపిన సంగతి. ముందున్న లైను ఖాళీ చేయించారు, గేట్లు వేయించారు, బాగుంది. చివరికి పంజాబ్‌లోని ఊంచీ బస్సీ దగ్గర కింది సిబ్బంది పట్టాల మీద చెక్క దిమ్మలు, ఇసుక బస్తాలు వేశారు. అక్కడి ఎత్తు కూడా కలిసొచ్చింది. దారి అటూ వాలుగానే ఉండి ఉంటే? 2017లో వాడి జంక్షన్ నుంచి ఒంటరిగా పారిపోయిన ఇంజనును మోటారు సైకిలు మీద వెంటాడి పట్టుకున్నారు. 2018లో టిట్లాగఢ్‌లో ఇంజను లేని పూరీ ఎక్స్‌ప్రెస్ ప్రయాణికులతో సహా దొర్లితే రాళ్లు వేసి ఆపారు. రాళ్లు, బస్తాలు, మోటారు సైకిలు! ఇదేనా మన పద్ధతి?

జాజ్‌పూర్‌లో ఆ రాళ్లు వేసే వ్యవధి కూడా లేకపోయింది. బహనగా రైలు ప్రమాదపు ఘోరం జరిగి అప్పటికి వారం కాలేదు. ఆగి ఉన్న వ్యాగన్ల కింద గాలివానకు తలదాచుకున్న కూలీల మీదికి అవి కదిలాయి. ఆరుగురు పోయారు. అప్పుడైనా ప్రతి యార్డులో బండిని కదలకుండా పట్టి ఉంచే గొలుసులు, స్కిడ్లు, వెడ్జులు లెక్కపెట్టించారా?

మా కొత్తవలస–కిరండూల్ ఘాట్‌లో ఇనప ఖనిజం బండ్ల కోసం క్యాచ్ సైడింగులున్నాయి. అదుపు తప్పిన బండి మెయిన్ లైను వదిలి ఎదురు ఎత్తెక్కి ఆగుతుంది. స్టేషను నుంచి జారే బండికి స్లిప్ సైడింగులూ ఉన్నాయి. కట్టినవాళ్లు డ్రైవరు ఎప్పుడూ తప్పు చేయడనుకోలేదు, చేస్తాడనుకునే కట్టారు. కొండ లేనిచోట వాలు ఉండదని తర్వాతివాళ్లకు ఎవరు చెప్పారో!

బహనగా తర్వాత ఇంటర్‌లాకింగ్ అంటే ఏమిటో పత్రికలవాళ్లకు ఓపిగ్గా వివరించింది మీరే. అదే ఓపిక కఠువా మీద ఎందుకు లేదు? నిలిపి ఉంచిన బండ్ల విషయంలో ఏదో ఒక గట్టి ఏర్పాటు చేయండి, ఏది చేయాలో మీ ఇంజనీర్లకు తెలుసు. ముందు విచారణ నివేదిక మొత్తం బయటపెట్టండి. ఆ ఆదివారం ఉదయం కంట్రోలు నుంచి కఠువాకు ఏ ఆర్డరు వెళ్లిందో నాకు చదవాలని ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గూడ్సు గార్డు, వాల్తేరు