నెత్తురుకున్న జ్ఞాపకశక్తి

పోయిన వర్షాకాలంలో వనపర్తిలో మా పెద్దమ్మగారింటికి వెళ్ళాను. వెళ్ళిన మర్నాడే మా అన్న చేను నుంచి కుంటుకుంటూ వచ్చాడు. పేడదిబ్బ పక్కన తుప్పు పట్టిన మేకు ఒకటి చెప్పు చీల్చుకుని అరికాల్లో దిగిందట. దవాఖానకు పోదాం లెమ్మన్నాను. పెద్దమ్మ పసుపు గిన్నెతో అడ్డం వచ్చింది.

"ఏమిటికి నాయినా? వాడు ఇరవై ఏండ్ల కింద సూది ఏసుకున్నడు గద. ఒక్కపారి ఏసుకుంటె సాలదా?"

సాక్ష్యంగా తన ముంజేతి మీది మశూచి టీకా మచ్చలు చూపింది. "నాకు సిన్నప్పుడు ఏసిండ్రు. మల్ల ఎన్నడన్న అమ్మవారు పోసిందా?"

అమ్మవారు పెద్దమ్మకే కాదు, 1975 తరువాత మన దేశంలో ఎవరికీ పోయలేదు. అది వేరే సంగతి. కాని ఆమె అడిగిన ప్రశ్న తీసివేయదగింది కాదు. ఒకసారి నేర్చిన పాఠం ఒంటికి గుర్తుంటుందా? గుర్తుంటే మళ్ళీ మళ్ళీ సూది దేనికి?

గుర్తుంటుంది. ఎంతకాలమంటే, నమ్మడం కష్టం. ఉత్తర సముద్రాల్లో ఫారో దీవులని ఉన్నాయి. అక్కడ 1781లో తట్టు వచ్చి పోయింది. మళ్ళీ 65 ఏళ్ళ దాకా తట్టు జాడే లేదు. 1846లో ఓడ మీద వచ్చి, దీవుల్లో ముప్పాతిక మందిని పడవేసింది. పానుమ్ అనే కుర్ర డాక్టరు ఊరూరూ తిరిగి లెక్క తీస్తే, చిన్నతనంలో 1781 నాటి తట్టు సోకిన ముసలివాళ్ళలో ఒక్కరికీ అది రెండవసారి రాలేదు! ఇంకొక ముచ్చట. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా చూసి బతికిన 32 మంది వృద్ధుల రక్తాన్ని, సుమారు 90 ఏళ్ళ తరువాత అమెరికాలో పరీక్షించి 2008లో ప్రకటించారు. ఆ పాత క్రిమిని గుర్తుపట్టి పోరాడగల కణాలు కొందరి నెత్తుట్లో ఇంకా తిరుగుతున్నవి. పెద్దమ్మ మచ్చల సంగతీ అంతే. మశూచి టీకా వేయించుకున్న యాభై ఏళ్ళ తరువాత కూడా దాని జ్ఞాపక కణాలు ఉంటాయని 2003లో తేలింది.

ఈ జ్ఞాపకం ఎక్కడుంటుంది? గద్వాల మగ్గం చూసినవారికి చెప్పడం సులువు. కొత్త అంచు నేయమని ఆర్డరు వచ్చిందనుకోండి. నేతగాడు డిజైను గీయించాలి, అట్టలు కొట్టించాలి, పోగులు సరిచేసుకోవాలి. మొదటి చీర దిగేసరికి రోజులు గడుస్తాయి. ఆ తరువాత చీరలు కొన్ని పెట్టెలో నిలవ ఉంటాయి, అట్టలు అటక మీదికి పోతాయి. మళ్ళీ అదే ఆర్డరు వస్తే అట్టలు దింపి మగ్గానికి తగిలించడమే తరువాయి.

మన ఒంట్లో పెట్టెలోని చీరలు యాంటీబాడీలు. క్రిమికో, దాని విషానికో అతుక్కుని పని చెడగొట్టేవి అవే. వాటిని తయారుచేసే కణాలు కొన్ని ఎముకల మూలుగలో కాపురం పెట్టి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా నేస్తూనే ఉంటాయి. అటక మీది అట్టలు జ్ఞాపక కణాలు. ఇవి ఏమీ నేయవు. పాత శత్రువు కనిపించేదాకా ఊరికే కాచుకుని ఉంటాయి. బి కణాలని, టి కణాలని వీటిలో రెండు తెగలు. యాంటీబాడీ తయారుచేసే వంశం బి కణాలది. వాటిని తట్టి లేపేవీ, క్రిమి దూరిన కణాన్ని చంపేవీ టి కణాలు.

మొదటిసారి టీకా వేస్తే యాంటీబాడీలు చెప్పుకోదగ్గంతగా తేలడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఏళ్ళ తరువాత అదే టీకా మళ్ళీ వేస్తే, మందు భుజం నుంచి చంకలోని బిళ్ళలకు చేరుతుంది. చంక సలపడం, బిళ్ళ కట్టడం అందుకే, భయపడనక్కర లేదు. అక్కడ జ్ఞాపక కణాలు మేలుకుని మూడు నాలుగు రోజుల్లోనే నేత మొదలుపెడతాయి. ఈసారి వచ్చే యాంటీబాడీలు ఎక్కువ. శత్రువును ఇంకా గట్టిగా పట్టుకునేవి కూడా. కొన్ని కణాలు వెంటనే పనిలోకి దిగక, బిళ్ళల్లోనే ఉండి తమ నమూనాను ఇంకా దిద్దుకుంటాయి. అంటే బూస్టరు పాత అట్టలు దింపడమే కాదు, చిరిగినచోట కొత్తవి కొట్టిస్తుంది కూడాను.

ఇంత జ్ఞాపకం ఉంటే మళ్ళీ సూది ఎందుకని పెద్దమ్మ తరఫున నేనే అడుగుతున్నాను. జవాబు జబ్బు నడకలో ఉంది. హెపటైటిస్ బి కామెర్లు చూడండి. ఈ టీకాను హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్‌వారు 1997లో దేశీయంగా తయారుచేసి చవకగా అందించారు. ఆ క్రిమి ఒంట్లో చేరిన నెల మొదలు ఆరు నెలల దాకా జబ్బు బయట పడదు. పెట్టెలో చీరలు అయిపోయినా, అట్టలు దింపి నేసుకునేందుకు కావలసినంత వ్యవధి. అందుకే మూడు డోసులు సరిగా వేసుకున్న ఆరోగ్యవంతులకు సాధారణంగా బూస్టరు అక్కరలేదంటారు.

ధనుర్వాతం అలాంటి పెద్దమనిషి కాదు. మట్టిలో, పేడలో ఉండే ఆ క్రిమి గాయంలో చేరి విషం కక్కుతుంది. మూడు రోజులకే దవడలు బిగియవచ్చు. మూడు వారాలు పట్టవచ్చు. ఆ విషం ఎంత కొంచెమంటే, ప్రాణం తీసేటంత మోతాదు కూడా జ్ఞాపక కణాలను నిద్ర లేపడానికి చాలదు. ధనుర్వాతం వచ్చి బతికి బయటపడ్డవారికి కూడా రక్షణ రాదు, వాళ్ళకూ టీకా వేయవలసిందే! కనుక ఇక్కడ అటక మీది అట్టలను నమ్ముకుంటే లాభం లేదు. పెట్టెలో చీరలు సిద్ధంగా ఉండాలి. పదేళ్ళకొక బూస్టరు అనడంలో అర్థం ఇదే. గాయం మురికిదైతే, చివరి సూది వేసి అయిదేళ్ళు దాటితే చాలు, మళ్ళీ వేస్తారు.

మన పద్ధతిలో ఒక లోపం నాకు కనిపిస్తుంది. పిల్లలకు పదహారవ ఏట టిడి సూదితో వరస అయిపోతుంది. ఆడవాళ్ళకు కాన్పు సమయంలో మళ్ళీ వేస్తారు. ఆ పట్టుదల వల్లనే బాలింతలలోను, పసికందులలోను ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా 2015లో మనకు గుర్తింపు వచ్చింది. మగవాడికి మాత్రం మేకు దిగితేగాని సూది గుర్తుకు రాదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీ తట్ట మోశాడంటారు. పారకు, గునపానికి నడుమ అన్నేళ్ళు గడిపినవాడిని, నీ బూస్టరు ఎప్పుడయ్యా అని అడిగినవాళ్ళు ఎందరు?

కరోనా రోజుల్లో మాత్రం పెద్దవాళ్ళ బూస్టరు ఊరూరా మాట అయింది. "ప్రికాషన్ డోసు" అన్న పేరుతో 2022 జనవరి 10న వైద్య సిబ్బందికి, జబ్బులున్న అరవై దాటినవారికి మొదలైంది. ఏప్రిల్ 10 నుంచి పద్దెనిమిది నిండిన వారందరికీ ప్రైవేటు కేంద్రాల్లో, జూలై 15 నుంచి 75 రోజులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేశారు. రెండవ డోసు తరువాత తొమ్మిది నెలలు ఆగమన్నారు, తరువాత ఆరన్నారు. ఈ ఆగడం ఏమిటని చాలామంది విసుక్కున్నారు. పెట్టె నిండా చీరలుంటే ఏ సేటూ కొత్త ఆర్డరు ఇవ్వడు గదా! నెత్తుట్లో యాంటీబాడీలు దండిగా ఉంటే, వేసిన మందును అవే మింగివేస్తాయి. జ్ఞాపక కణాలకు కబురే అందదు. పైగా నమూనా దిద్దుకోవడానికి వాటికి నెలలు కావాలి. వయసు మీదపడ్డవారిలో ఈ నేత మందగిస్తుంది. వారిని ముందు పిలవడం న్యాయమే.

ఇంకొక్క మాట, నల్లమల అంచు పల్లెల వాళ్ళకు పనికివచ్చేది. కుక్క కరిస్తే ముందు సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. ఇది ఎవరికైనా తప్పదు. ఇదివరకే రేబీసు సూదులు పూర్తిగా వేయించుకున్నవారైతే, మళ్ళీ కరిచినప్పుడు రెండే సూదులు, ఆ రోజు ఒకటి, మూడవ రోజున ఒకటి. గాయం చుట్టూ పొడిచే ఇమ్యునోగ్లోబులిన్ అక్కరలేదు, జ్ఞాపక కణాలు ఆ పని చూసుకుంటాయి. కాని వెనక వేసుకున్నట్టు చీటీ చూపాలి. ఒంటికి గుర్తున్నది డాక్టరుకు తెలియవద్దూ?

మా అన్నకు వచ్చిన చిక్కు అదే. ఇరవై ఏళ్ళనాటి సూది ఒక్కటే గుర్తు. చిన్నప్పుడు ఎన్ని వేశారో పెద్దమ్మకూ తెలియదు. డాక్టరు పుండు కడిగి, రెండు సూదులు రెండు చోట్ల వేశాడు. ఒకటి టిడి. రెండవది ఇతరుల నెత్తుటి నుంచి తీసిన సిద్ధ యాంటీబాడీలు, అంటే పక్కింటి నుంచి అరువు తెచ్చుకున్న చీరలు. కొన్ని వారాలకు మాసిపోతాయి, జ్ఞాపకం ఏమీ మిగల్చవు. అందుకని నాలుగు వారాలకు ఒక టిడి, ఆ తరువాత ఆరు నెలలకు ఇంకొకటి రాసిచ్చాడు. తేదీ నాలుగు రోజులు తప్పితే మళ్ళీ మొదటికి వస్తుందా అని అన్న అడిగాడు.

"రాదు. ఆగినచోటు నుంచే సాగుతుంది. అట్లని రాకుండ ఉండకు," అన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చాక పెద్దమ్మ ఆ చీటీ అడిగి తీసుకున్నది. చదువు రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, పోపుల డబ్బా అడుగున, రేషను కార్డు మడతలో పెట్టి మూత బిగించింది.